మూత్రపిండము జల్లెడయేనా?

మూత్రపిండములు రక్తమును వడపోయు జల్లెడలని మన తరగతులలో చెప్పుట పరిపాటి. నర్సింగు విద్యార్థులును ఆ మాటతోనే పాఠము ప్రారంభింతురు. ఈ పోలికలోని కొరత గ్రహించుటకు హోమర్ స్మిత్ 1953లో ప్రకటించిన 'ఫ్రమ్ ఫిష్ టు ఫిలాసఫర్' అను గ్రంథము నేటికిని చదువదగినది. అయితే అందలి వాదమునంతను ప్రమాణముగా గ్రహింపరాదు.

స్మిత్ (1895–1962) అమెరికా దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త. 'ఎట్లు' అను ప్రశ్నతో ఆగక 'ఎందుకు' అని కూడ అడుగుట ఆయన గొప్పతనము. మన మూత్రపిండములు ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు కలవు. ప్రతి నెఫ్రాన్ మొదట కేశనాళికల గుచ్ఛము, దానిని అంటి పొడవైన నాళిక ఉండును. రక్తపు ఒత్తిడి వలన ఈ గుచ్ఛములనుండి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడియును. బయటకు వచ్చు మూత్రమో, లీటరున్నర! తక్కినదంతయు నాళికల ద్వారా తిరిగి రక్తమున చేరును. ఇంత వడపోయుట ఎందుకు? మరల తీసికొనుట ఎందుకు?

మంచినీటి చేపల శరీరములోనికి నీరు ఎడతెగక చొరబడుచుండును. దానిని వెడలగొట్టుటకే గుచ్ఛములు ఏర్పడినవని స్మిత్ సమాధానము. కొన్ని సముద్రపు చేపలలో గుచ్ఛములే లేకుండుట ఆయనకు సాక్ష్యము. వాదము ముచ్చటైనదే. కాని హాగ్ చేప సంగతి ఏమి? అది సముద్రజీవి, దాని రక్తపు గాఢత సముద్రపు నీటితో ఇంచుమించు సమానము, ఐనను దానికి గుచ్ఛములున్నవి. తొలి సకశేరుకములు తీరసముద్రములలో మెలగినవని తరువాతి శిలాజములును సూచించుచున్నవి. కనుక ఈ కథను నిర్ధారితమైన చరిత్రగా బోధింపరాదు.

వేరొక చిక్కు కలదు. అంతయు పూర్వుల వారసత్వమే అన్నచో, ఈ పద్ధతి నేడు మనకు చేయు మేలు మరుగున పడును. పండుగకు ఇల్లు సర్దునపుడు చెత్తను ఒక్కొక్కటిగా వెదకుట కష్టము. సామానంతయు వాకిట పెట్టి, కావలసినవే లోనికి తెచ్చుకొనుట సులువు. నాళికలు చేయునది ఇదియే. గ్లూకోజును, లవణములను, నీటిని తెచ్చుకొనును. క్రియాటినిన్‌ను వాకిటనే విడుచును. శరీరము ఎన్నడు నెరుగని పదార్థమైనను, వడిసి, తిరిగి లోనికి చేరనిచో వెడలిపోవును.

ఈ సంగతి రోగి మంచము కడ అక్కరకు వచ్చును. జల్లెడయే అనుకొన్నచో, మూత్రము తగ్గుట జల్లెడ పూడుటయే అని తోచును. నిజమునకు రక్తస్రావముచే ఒత్తిడి పడిపోయినను వడపోత తగ్గును. నాళికలు నీటిని మరింత పట్టి ఉంచును. పెద్దవారిలో గంటకు 30 మిల్లీలీటర్లకన్న తక్కువ వచ్చినచో, గొట్టము మడతపడలేదని చూచుకొని, వెంటనే వైద్యునికి తెలుపవలెనను నియమము ఇందుకే.

గ్రంథము పాఠ్యపుస్తకమునకు బదులు కాదు. మూత్రము చిక్కబడు తీరును వివరించు ప్రతిప్రవాహ సిద్ధాంతము 1951లో ప్రతిపాదింపబడి, క్రమముగా స్థిరపడినది. దానిని తరువాతి పుస్తకములలో చదువవలెను. ఉపాధ్యాయులు మాత్రము 180 లీటర్ల లెక్కను నల్లబల్లపై వ్రాసి, తక్కిన 178.5 లీటర్లు ఏమైనవని విద్యార్థులను అడిగి, ఆ పిమ్మట పాఠము మొదలిడుట మేలు.