గీత వదలని బంతి

ఫుట్‌బాల్‌లో వీడియో సమీక్ష అనగానే చాలామంది అభిమానులకు ముందు కోపం వస్తుంది. ఆట ఆగిపోతుంది, సంబరం సగంలో చల్లబడుతుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా 2022 ప్రపంచకప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో వెలువడిన ఒక్క నిర్ణయాన్ని దగ్గరగా చూడండి. ఆ పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది.

డిసెంబర్ 1, ఖతార్‌లోని ఖలీఫా స్టేడియం. స్కోరు 1-1. 51వ నిమిషంలో జపాన్ ఆటగాడు రిత్సు దోవాన్ కొట్టిన బంతి గోల్ ముందు నుంచి అవతలి పక్కకు దూసుకుపోయింది. మైదానం చివరి గీత దగ్గర కవోరు మితోమా కాలు చాచి దాన్ని వెనక్కి తిప్పాడు, అవో తనాకా లోపలికి నెట్టేశాడు. బంతి అప్పటికే బయటికి పోయిందని మైదానంలో గోల్ ఇవ్వలేదు. టీవీ చూస్తున్నవాళ్లదీ అదే మాట. గీతకూ బంతికీ మధ్య పచ్చిక కనిపిస్తోంది మరి!

కానీ నిబంధన చూసేది పచ్చికను కాదు. నేల మీదైనా గాల్లోనైనా, బంతి మొత్తం గీతను పూర్తిగా దాటితేనే బయటికి పోయినట్టు. బంతి వ్యాసం సుమారు 22 సెంటీమీటర్లు, నేలకు ఆనేది మాత్రం కాస్తంత చోటే. అక్కడి నుంచి చుట్టూ దాదాపు 11 సెంటీమీటర్లు ఉబ్బెత్తుగా ఉంటుంది. బిందె అడుగు గడప దాటినా పొట్ట ఇంకా గడప మీదే ఉన్నట్టు. ఏటవాలుగా చూసే కెమెరాకు ఆ పొట్ట చిక్కదు.

వీడియో గదిలోని రిఫరీలు ఆ ఏటవాలు దృశ్యాలకు లొంగలేదు. గోల్‌లైన్ కెమెరాల దృశ్యాలు పట్టుకున్నారు. బంతి అంచు గీత పైన మిగిలే ఉందని తేల్చి గోల్ ఇప్పించారు. ఎన్నో దృశ్యాలు చేతిలో ఉన్నప్పుడు ఏది నమ్మకూడదో తెలియడమే ఈ పనిలో అసలు నైపుణ్యం.

జపాన్ 2-1తో గెలిచింది. అదే డ్రాగా ముగిసి ఉంటే, గ్రూపులోని మరో మ్యాచ్‌లో కోస్టారికాను 4-2తో ఓడించిన జర్మనీ ముందుకు వెళ్లేది, జపాన్ ఇంటిదారి పట్టేది. ఇంత భారం మోసిన దృశ్యాన్ని ఫిఫా మరునాడు గానీ జనానికి వివరించలేదు. అది నన్నిప్పటికీ బాధిస్తుంది. అంత చక్కటి పనిని అప్పటికప్పుడే స్టేడియం తెర మీద చూపించి ఉండాల్సింది.