మృతునికి, బ్రతికియున్నవారు: దారుముద్రలలో విప్లవనాయకుని ముఖం

1919 జనవరి 15వ తేదీన బెర్లిన్ నగరంలో కార్ల్ లీబ్‌క్నెఖ్ట్, రోజా లక్సెంబుర్గ్ హత్యకు గురియైనారు. పది దినాల పిమ్మట, అంత్యక్రియలు జరిగిన రోజున, లీబ్‌క్నెఖ్ట్ కుటుంబంవారి కోరికపై కేటె కోల్విట్స్ శవాగారానికి పోయి మృతుని ముఖాన్ని రేఖలలో వ్రాసికొన్నది. ఆమె ఆయన పార్టీకి చెందినది కాదు. ఆయన రాజకీయ మార్గాన్ని అనుసరింపకపోయినను, ఆయనకై విలపించే శ్రామికుల శోకాన్ని చిత్రించే హక్కు కళాకారిణిగా తనకు ఉన్నదని దినచర్యలో వ్రాసికొన్నది. ఆ శోకానికి తగిన సాధనం మాత్రం వెంటనే దొరకలేదు. రాగిరేకుపై ఆమ్లంతో ప్రయత్నించినది, శిలాముద్రణలో ప్రయత్నించినది, రెండును తృప్తినీయలేదు. 1920లో ఎర్న్‌స్ట్ బార్లాఖ్ దారుచిత్రాలను చూచిన తరువాతనే ఆమె కొయ్యపలకను, ఉలిని చేతబట్టినది.

తెలుపు కావలసినచోట కొయ్యను చెక్కి తీసివేసి, మిగిలిన ఎత్తుభాగానికి సిరా పూసి కాగితంపై ఒత్తుటయే దారుముద్ర. పెడన అద్దకపు అచ్చులను ఎరిగిన తెలుగువారికి ఇందులో వింత ఏమియు లేదు. కొయ్యకు బదులు లినోలియం పలకను వాడినచో అది లినోకట్ అగును. కుంచెకును, శిలాముద్రణలోని జిడ్డుసుద్దకును లొంగే బూడిదవన్నె ఉలికి లొంగదు. ఉన్నది నలుపు, లేనిది తెలుపు. నడిమి ఛాయ కావలెనన్న గీతలను దగ్గరగానో దూరంగానో చెక్కి కంటిని ఒప్పింపవలసినదే. ముఖాన్ని చెక్కువాడు ఆ ముఖం ఏ గీతలు లేకున్న నిలువదో ముందుగా నిర్ణయించుకొనవలెను. నాయకునిపై పద్యం వ్రాయబూనిన కవికి విశేషణాల కొరత ఎన్నడును లేదు. చెక్కుటలో తప్పిపోయిన గీత మరల రాదు గనుక ఉలి పట్టినవానికి అంత ధారాళం కుదరదు.

కోల్విట్స్ చెక్కిన పలకలో లీబ్‌క్నెఖ్ట్ అడుగున పరుండియున్నాడు. తెల్లని వస్త్రం ఆయనను కప్పినది. పైన నల్లని మూకగా శ్రామికులు వంగియున్నారు. ముందున్నవాడు తన మోటు చేతిని మృతుని గుండెపై ఉంచినాడు. వెనుక ఒక తల్లి బిడ్డను ఎత్తుకొన్నది. వక్త కాని, పార్లమెంటులో యుద్ధవ్యయాన్ని ఒంటరిగా ఎదిరించిన వీరుడు కాని ఇందులో కనిపింపడు. నాయకుని మహిమను చెప్పే పని ఆయన ముఖానికి అప్పగింపబడలేదు. దానిని ఆ చేయి చేయుచున్నది. క్రీస్తు కళేబరంపై విలపించువారిని చూపే ప్రాచీన చిత్రాల కూర్పు ఇందులో ఉన్నదని చెప్పుట సులభం. అంతకంటె గమనింపదగినది అడుగున చెక్కిన జర్మను వాక్యం. మృతునికి, బ్రతికియున్నవారు అని దాని భావం. 1848లో ఫ్రైలిగ్రాట్ వ్రాసిన ఒక విప్లవగీతం పేరు దీనికి సరిగా తలక్రిందులు: అందు మృతులు బ్రతికియున్నవారితో మాటలాడుదురు. కోల్విట్స్ మాట సాగే దిక్కును మార్చినది. చనిపోయినవారి నోట ఆజ్ఞలు పలికించుట రాజకీయాలకు ఎప్పుడును ఇష్టమైన పని. ఆమె దానికి ఒప్పుకొనలేదు. ఆ వాక్యంలో క్రియ లేదు. చతుర్థీవిభక్తితో ఆగిపోయే అట్టి వాక్యం తెలుగులోనికి ఏ కష్టమును లేక వచ్చును, క్రియాపదాన్ని పూరింపవలెననే అనువాదకుని చాపల్యం అడ్డురాకున్న.

ఈ చిత్రకారిణిని చైనాకు పరిచయం చేసినవాడు ఒక రచయిత. 1931 ఫిబ్రవరి 7న షాంఘైలో కాల్చి చంపబడిన యువరచయితలలో రౌ షి లూ షున్‌కు ఆప్తుడు. బహిరంగంగా సంతాపం ప్రకటింపవీలులేని ఆ కాలంలో, కొత్తగా వెలువడిన ఒక పత్రికలో లూ షున్ కోల్విట్స్ దారుచిత్రం ఒకటి అచ్చువేయించినాడు: బిడ్డను రెండు చేతులతో అర్పించుచున్న తల్లి. రౌ షి తల్లికి చూపు లేదు. అందులో మృతుని ముఖం లేదు, పేరు లేదు. తెలిసినవారికి మాత్రమే అది స్మారకం. రూపచిత్రం అనే మాటకు ఇంతకంటె విశాలమైన అర్థం చెప్పుట కష్టం. ఆ యేడే ఆగస్టులో ఉచియామా కకిచి అను జపానుదేశీయుడు ఆరు దినాలపాటు యువచిత్రకారులకు దారుముద్రణ నేర్పగా లూ షున్ దుబాసిగా నిలిచినాడు. ఒక దేశపు నవీన చిత్రకళోద్యమం ఒక అనువాదకుని నోటిమీదుగా ఆరంభమైనదన్నమాట.

దాని పరిణామం వేరు. సాంస్కృతిక విప్లవకాలంలో, 1966 నుండి 1976 వరకు, మావో ముఖం ఎర్రగా, వెలుగుతో, మెరయుచు ఉండవలెనన్నది నియమమైనది. నీడ దోషమైనది. నలుపే ప్రాణమైన విద్యకు నీడను నిషేధించిన మిగులునది ముద్రికయే. ప్రభుత్వపత్రాలపై వేయు మొహరు వంటిది. అధికారంలో లేనివాని ముఖాన్ని చెక్కిన ఉలి, అధికారానికి వచ్చినవాని ముఖాన్ని చెక్కునపుడు మొద్దుబారుట ఒక్క చైనాలోనే జరిగినది కాదు.

మన దేశంలో నందలాల్ బోస్ 1930లో చెక్కిన ‘బాపూజీ’ ఈ ప్రమాదం అంచున నడచి తప్పించుకొన్న లినోకట్. ఉప్పు సత్యాగ్రహపు నడక అందలి విషయం. నల్లని నేలపై కొద్దిపాటి తెల్లని గీతలు: కఱ్ఱ, మేనిపై వస్త్రం, ముందుకు సాగిన అడుగు. ముఖంలో వివరం స్వల్పం. దానిని చూచినవారికి గుర్తుండునది నడక. ఆ సంవత్సరమే రవీంద్రుడు పిల్లలకై వ్రాసిన ‘సహజ్ పాఠ్’ వాచకానికి నందలాల్ లినోకట్లు చెక్కినాడు. అక్షరాలు నేర్చుకొను బిడ్డకు చెట్టును చూపించే చేయి, ఒక మహానాయకుని చూపించుటకు వేరొక గంభీరశైలిని వెదకుకొనలేదు. ‘బాపూజీ’ తరువాత పటంగా, ప్రతీకగా ఎన్నివిధాల వాడబడినను ఆ నిరాడంబరత చెడలేదు.

మెక్సికోలో 1937లో నెలకొన్న ‘తయ్యేర్ దె గ్రాఫికా పొపులార్’ అను చిత్రకారుల సంఘం 1947లో తమ దేశపు విప్లవంపై 85 ముద్రాచిత్రాల సంపుటాన్ని వెలువరించినది. అందు సపాతా వంటి నాయకులున్నారు, రైతులున్నారు. కొన్ని పలకలు చరిత్రపాఠం దాటి పోలేదు. ఆ సంఘంలో 1946లో చేరిన ఎలిజబెత్ కాట్లెట్ నల్లజాతి స్త్రీలపై చెక్కిన 15 లినోకట్లు అంతకంటె గట్టివి. బానిసలను విడిపించిన హారియెట్ టబ్మన్ అందు చేయి చాచి దారి చూపును. తన కాలంలో పుస్తకం అచ్చువేయించుకొన్న కవయిత్రి ఫిలిస్ వీట్లీ కూడ ఆ వరుసలోనే ఉన్నది. మాల్కం ఎక్స్ 1965లో హత్యకు గురియైనాడు. 1969లో కాట్లెట్ చెక్కిన ఆయన రూపచిత్రంలో ఆయన ముఖం ఒంటరిగా లేదు. చుట్టును నల్లజాతి స్త్రీల, బాలికల ముఖాలు వరుసలు తీరియున్నవి. ఆయన తమ తరఫున పలుకునని చెప్పుచున్నది చిత్రం పేరు. ఆ స్త్రీలు ఎదురుగా, చూచువారివైపు చూచుచున్నారు.