పినాకపాణి బాణీ చెవికెక్కాలంటే

కర్నూలు నుంచి బళ్లారి పోయే రోడ్డు మీద ఉంది కోడుమూరు. ఆ రోడ్డుకు రెండు కొసల్లోనూ సంగీతమే. బళ్లారి కొస నాటక పద్యానిది. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ ఉండే తెలుగు నాటకంలోకి పాటనూ పద్యాన్నీ తెచ్చారు. కర్నూలు కొసన డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు ఉండేవారు. మా ఊరి చెవి మొదటి నుంచీ బళ్లారి వైపే మొగ్గింది. తిరునాళ్లకు తెల్లార్లూ నాటకం జరగాలి, పద్యం చివర గుక్క తిప్పుకోకుండా రాగం తీయాలి, జనం ‘వన్స్ మోర్’ అంటే అదే పద్యం మళ్లీ ఎత్తుకోవాలి. ఆ చెవితో పినాకపాణి గారి పాట వింటే మొదట ఏమీ పట్టదు. గుక్క విన్యాసం ఉండదు, ఈల వేయించే ఘట్టం రాదు. పాట తన దారిన తాను పోతున్నట్టే ఉంటుంది.

అయినా చెబుతున్నాను, ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు నేల మీద వినిపించిన పాటల్లో నా మనసుకు ఇంతకంటే లోతైనది లేదు. సినిమా పాటా నాటక పద్యమూ వింటూ పెరిగిన మా సీమ చెవికి అది అందాలని నా కోరిక. దానికి దారి ఉంది. గురువుతో మొదలుపెట్టి శిష్యుల దాకా రావడం చరిత్ర చెప్పేవాళ్ల పద్ధతి. వినేవాళ్లు శిష్యుల దగ్గర మొదలుపెట్టి గురువు దాకా వెనక్కి నడవాలి.

పినాకపాణి గారు 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. సంగీతం మొదట బి.ఎస్. లక్ష్మణరావు గారి దగ్గర, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర, మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ దగ్గర నేర్చుకున్నారు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కచ్చేరీలు తనివితీరా విన్నారు. అలా తంజావూరు బాణీని ఒంటబట్టించుకుని తెలుగువాళ్లకు తెచ్చి ఇచ్చారు. ఉద్యోగం ఆయన్ను కర్నూలు తెచ్చింది. ఇక్కడి వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు, రిటైరయ్యాక కూడా ఈ ఊరు వదల్లేదు. పగలు రోగులు, మిగిలిన వేళంతా పాఠం. పాఠానికి డబ్బు పుచ్చుకోలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. నూరేళ్లు నిండడానికి కొద్ది నెలల ముందు, 2013 మార్చి 11న, కర్నూల్లోనే కన్నుమూశారు. మాకు ఇంత దగ్గర్లో, బస్సెక్కితే గంట పైచిలుకు దూరంలో, ఇంత పెద్ద విద్య నడిచిందన్న సంగతి కోడుమూరులో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అది నాకు బాధ కలిగించే విషయం.

పొడుగు పాటను వినడం గురించి ఒక మాట. పాత 78 గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. కృతి అందులో పట్టాలంటే ఎక్కడో కత్తిరించాల్సిందే. లాంగ్‌ప్లే రికార్డు వచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలు దొరికింది. ఆ జాగాను ఇంగ్లండులోని కొన్ని రాక్ బృందాలు బాగా వాడుకున్నాయి. 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అనే ఒక్క పాటను ఒక వైపు నిండా, 18 నిమిషాలకు పైగా పరిచింది. అదే ఏడు జెథ్రో టల్ బృందం ‘థిక్ ఆజ్ ఎ బ్రిక్’ అని రెండు వైపులకూ కలిపి ఒకే పాట ఇచ్చింది. ప్రోగ్రెసివ్ రాక్ అనే ఆ సంగీతానికి అలవాటు పడ్డవాళ్లు ఒక ఆల్బమ్‌ను ఒంటికి పట్టేదాకా విని, ఆ తర్వాతే అదే బృందం వేరే ఆల్బమ్ తీస్తారు. మొదటిసారి విన్నప్పుడు తెగిపోయిన ముక్కల్లా తోచినవి తర్వాత్తర్వాత ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి. పినాకపాణి సంప్రదాయంలోని రికార్డింగులకు కూడా నేను అదే పద్ధతి చెబుతాను. రోజుకొక కొత్త పాట వద్దు. ఒకటి పట్టుకుని అది లొంగేదాకా వదలకూడదు.

ముందుగా నేదునూరి కృష్ణమూర్తి గారు పాడిన అన్నమయ్య. నేదునూరి (1927–2014) ఇరవై రెండేళ్ల వయసులో, 1949లో, పినాకపాణి గారి దగ్గరికి చేరారు. అన్నమాచార్య సంకీర్తనలు ఎన్నింటికో స్వరాలు కట్టారు. వాటిలో రేవతి రాగంలో కట్టిన ‘నానాటి బతుకు’ను ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు కూడా పాడి ఇంటింటికీ చేర్చారు. దాన్ని తలుపుగా ఎందుకు ఎంచుకున్నానంటే, రేవతికి అయిదే స్వరాలు. గాంధారం లేదు, ధైవతం లేదు. రిషభం నుంచి మధ్యమానికి, పంచమం నుంచి నిషాదానికి ఒక్క అంగలో దాటాలి. స్వరాలు చాలావరకు నిలకడగా నిలబడతాయి కాబట్టి కొత్త చెవికి కూడా ఆనవాలు దొరుకుతుంది. మాటలు మన తాళ్లపాకవి, కడప సీమ నుడికారం, అర్థానికి ఎవర్నీ అడగాల్సిన పని లేదు. ఎం.ఎస్. గొంతులో విన్నాక నేదునూరి గొంతులో వినండి. ఒకే వరుస, ఒకే రాగం. అయితే నేదునూరి పల్లవికి తిరిగొచ్చే ప్రతిసారీ ఎత్తుగడలో ఎక్కడో ఒక చిన్న ఒత్తు మారుతుంది. ఆ మార్పును చెవి పసిగట్టిన రోజున మొదటి మెట్టు ఎక్కినట్టే.

రెండో మెట్టు కష్టమైనది, అక్కడే చాలామంది వెనక్కి తిరుగుతారు. అందుకు మా నాటకాల హార్మోనియం కొంత కారణమని నా నమ్మకం. హార్మోనియానికి మెట్లు ఉంటాయి. ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం, అది కదలదు, రెండు మెట్ల మధ్య ఉన్నది దానికి పలకదు. ఆకాశవాణి 1940లో ఆ వాద్యాన్ని నిషేధించి, 1971 దాకా సడలించకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. హార్మోనియం మీద నాకు కోపం లేదు, అది లేకపోతే మాకు హరిశ్చంద్రుడే లేడు. కానీ దాని పక్కన పెరిగిన చెవి స్వరమంటే మెట్టు అనుకుంటుంది. పినాకపాణి గారి సంగీతంలో స్వరమంటే ఒక నడక.

తోడిలో గాంధారం చూడండి. హార్మోనియం మీద ఆ మెట్టు నొక్కి పట్టుకుంటే తోడి పలకదు. పాడేటప్పుడు ఆ గాంధారం రిషభం దాపున బయల్దేరి మధ్యమం అంచు తాకి వెనక్కి వస్తూ ఊగుతుంది. ఆ ఊపు ఎంత వెడల్పు, ఎంత నిదానం, ఎక్కడ బరువు పడాలి అన్నవే తోడి. తోడికే జన్యమైన ధన్యాసిలో అదే గాంధారాన్ని ఇంకోలా పట్టుకుంటారు, ఆరోహణలో షడ్జమం నుంచి నేరుగా దాని మీదికి దూకుతారు, ఊపు తగ్గుతుంది. స్థానం ఒకటే, మనిషి వేరు. ఈ తేడా పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. తోడి కృతి ఒకటి, ధన్యాసి కృతి ఒకటి ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టి, గాంధారం వచ్చినప్పుడల్లా చెవి అక్కడే ఉంచి వినాలి. కొన్నాళ్లకు అది దానంతటదే విడిపోతుంది.

స్వరానికి ఉండే ఈ ఊపునే గమకం అంటారు. గమకాన్ని స్వరానికి తొడిగే నగ అనుకునేవాళ్ల మాట పినాకపాణి గారు ఒప్పుకోలేదు. ప్రతి రాగంలో ప్రతి స్వరానికీ తనదైన కదలిక ఉంటుందని, దాన్ని రాసి చూపించవచ్చని ఆయన పట్టుదల. తిరుమల తిరుపతి దేవస్థానం నాలుగు సంపుటాలుగా వేసిన ‘సంగీత సౌరభం’ ఆ పట్టుదలకు ఫలితం. మామూలు స్వరలిపిలో ‘గ’ అని ఒక అక్షరం ఉండే చోట ఆ ‘గ’ లోపల ఏమేం జరుగుతోందో విప్పి రాయడానికి ఆయన కూర్చున్నారు. రోగి నాడి పట్టి చూసే వైద్యుడే ఈ పని చేయగలిగారన్నది నాకు కాకతాళీయంగా అనిపించదు. పరీక్షించి, తేడా కనిపెట్టి, కాగితం మీద పెట్టడం ఆయనకు రెండు వృత్తుల్లోనూ అలవాటే.

ఇక పాఠాంతరం, అంటే గురువు నోటి నుంచి శిష్యుడికి అందిన పాట రూపం. వర్ణం, కృతి గొంతులో స్థిరపడకుండా రాగాలాపన జోలికి పోవద్దన్నది ఈ సంప్రదాయంలో గట్టి నియమం. దాని వెనక లెక్క ఉంది. మంచి కృతిలో పల్లవికి సంగతులు, అంటే అదే పాదానికి మెరుగులు దిద్దిన రూపాలు, ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతారు. మొదటి సంగతి రాగాన్ని ఊరికే చూపిస్తుంది, రెండోది ఒక చివర కొంచెం పొడిగిస్తుంది, మూడోది పైకి చూస్తుంది, అయిదో ఆరో సంగతికి తారషడ్జమం అందుతుంది. అంటే రాగం విప్పే వరస మొత్తం కృతిలోనే దాచి పెట్టి ఉంది. అలాంటి కృతులు ఒక రాగంలో నాలుగైదు వచ్చినవాడికి ఆలాపన చేసేటప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు. అందుకే ఈ బాణీలో ఆలాపన విన్నప్పుడు ఎక్కడో విన్న కృతి నీడ ఆడుతుంది. వినేవాళ్లకూ ఇదే సూత్రం. ముందు కృతి సంగతులు వరసగా గుర్తుండాలి, ఆలాపన ఆ తర్వాత దానంతటదే అర్థమవుతుంది.

పినాకపాణి గారి మరో శిష్యుడు వోలేటి వెంకటేశ్వర్లు గారిని ఇక్కడ వినాలి, ఇంతకంటే ముందు కాదు. 1989లో వెళ్లిపోయిన ఈ మహానుభావుడు విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు, రేడియోలో సంగీత శిక్షణ ఇచ్చారు, హిందుస్తానీ గాయకులను ప్రాణంగా విన్నారు. గురువు ఇచ్చిన గమకాన్ని మరీ మెత్తగా, అకారంలో నానబెట్టినట్టు పలికిస్తారు. నేదునూరి తాళాన్ని గట్టిగా పట్టుకుని నడిస్తే వోలేటి దాని మీద వాలి జారతారు. ఒకే గురువు పాఠం ఇద్దరి గొంతుల్లో ఇంత వేరుగా పండడం చూస్తే, ఆ పాఠం అచ్చు కాదని, విత్తనమని తెలుస్తుంది. అదే గురువు శిష్యులు శ్రీరంగం గోపాలరత్నం, నూకల చిన సత్యనారాయణ గార్ల రికార్డింగులు కూడా ఇదే మెట్టు మీద పెట్టుకోండి.

నెరవు వినడానికి మా కోడుమూరు నేతే నాకు సాయపడింది. మా ఊళ్లో గద్వాల చీరలు నేస్తారు, ఒడలు నూలు, అంచు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ కలిసే గీత కనపడకుండా నేసినవాడే నేతగాడు. నెరవులో కూడా చూడాల్సింది ఆ కలిసే చోటునే. గాయకుడు సాహిత్యంలో ఒక పాదం తీసుకుంటాడు. ఆ పాదంలోని అక్షరాలు తాళంలో ఎక్కడెక్కడ పడ్డాయో ప్రతి ఆవృత్తిలోనూ ఇంచుమించు అక్కడే పడాలి. ఆది తాళం రెండు కళల్లో అయితే పదహారు క్రియలు, అక్షరాలకు చోట్లు ఖాయం, వాటి మధ్య స్వరాలు మాత్రం ప్రతిసారీ కొత్తవి. మాట విరగకూడదు, అర్థం చెదరకూడదు, ఎడుపు (పాదం ఎత్తుకునే చోటు) తప్పకూడదు. చేత్తో తాళం వేసుకుంటూ వినకపోతే నెరవు గొప్పతనంలో సగం మనకు అందదు. తాళం వేయడం తెలియనివాళ్లు ముందు ఒక ఆవృత్తి లెక్క నేర్చుకోండి, అది ఒక పూట పని. నేదునూరి గారి నెరవులో రెండో కాలం ఎత్తుకునే ఘట్టం వచ్చినప్పుడు మీ చెయ్యి ఆయనతో పాటే పడితే, ఆ ఆనందం నాటకంలో పద్యానికి ఈల వేసిన ఆనందానికి ఏమీ తీసిపోదు.

ఇన్ని దాటాక పినాకపాణి గారి సొంత గొంతు. రేడియో కచ్చేరీలు, పాఠం చెప్పేటప్పుడు పట్టుకున్న రికార్డింగులు శిష్యుల ద్వారా వ్యాపించాయి. గొంతులో తీపి కంటే బరువు ఎక్కువ. ముందే ఇది విని ఉంటే ఎవరైనా ఆపేసేవారేమో. ఇప్పుడు మాత్రం చెవికి అన్నీ ఎదురొస్తాయి. నేదునూరి ఒత్తు ఎక్కడిదో, వోలేటి జారుడు దేని నుంచి పుట్టిందో ఇక్కడ తెలుస్తుంది. విలంబకాలంలో ఆయన ఒక పాదం పాడుతుంటే కాలప్రమాణం వెంట్రుకవాసి కూడా కదలదు, తొందర ఉండదు, ఒక స్వరం తన నడక పూర్తి చేసుకున్నాకే ఇంకొకటి మొదలవుతుంది. రాగం తానం పల్లవిలోని పల్లవి గురించి ఆయన ‘పల్లవి గాన సుధ’ అనే పుస్తకమే రాశారు. పల్లవిని కాలం మార్చి పాడే అనులోమ ప్రతిలోమాల లెక్కలు తేలేందుకు నాకు ఇంకా సమయం పడుతుంది కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను.

ఈ తరంలో మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ ఉన్నారు. తండ్రి సూరిబాబు గారితో పాటు వోలేటి, నేదునూరి, పినాకపాణి గార్లందరి దగ్గరా పాఠం అందుకున్నవాళ్లు. వాళ్ల కచ్చేరీలో అన్న అందించిన నెరవును తమ్ముడు అందుకునే చోట జాగ్రత్తగా వినండి. ఒకరు నేదునూరిలా కట్టి ఆపితే ఇంకొకరు వోలేటిలా విప్పుతారు, తర్వాత అది తారుమారవుతుంది. ఇక మిగిలిందల్లా ఆకాశవాణి దగ్గర పడి ఉన్న ఆ తరం టేపులు. వాటిని శుభ్రం చేసి, రాగం, తాళం, పక్కవాద్యాలు, పాడిన ఏడు సరిగా రాసి, డబ్బు పెట్టకుండా ఫోనులో వినే వీలు కల్పించాలి. ‘సంగీత సౌరభం’లోని ప్రతి కృతి పక్కన దాన్ని పాడిన రికార్డింగు దొరికేలా చేయాలి. ఆ పని మొదలుపెట్టడానికి కర్నూలు కంటే తగిన ఊరు లేదు.