దండు, దళం, వాలంటీరు: యూనిఫారం జ్ఞాపకాలను ఎలా చదవాలి?

స్వాతంత్ర్యోద్యమ కాలానికి సంబంధించిన స్వీయచరిత్రలకు మన భాషలో కొరత లేదు. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర', కొండ వెంకటప్పయ్య 'స్వీయ చరిత్ర', అయ్యదేవర కాళేశ్వరరావు 'నా జీవిత కథ - నవ్యాంధ్రము' మన విద్యార్థులకు పేర్లుగానైనా తెలిసినవే. అయితే ఇవన్నీ ప్రధానంగా నాయకుల జ్ఞాపకాలు. సభలో తీర్మానం ప్రతిపాదించినవారి కథ మనకు దక్కింది. అదే సభ ద్వారం దగ్గర టోపీ పెట్టుకొని, బ్యాడ్జీ తగిలించుకొని, రోజంతా నిలబడినవారి కథ మాత్రం ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. ఆ ముక్కలను ఎలా చదవాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

ఉదాహరణగా హిందుస్తానీ సేవాదళాన్ని తీసుకుంటున్నాము. అందుకు కారణం ఉంది. ఈ యూనిఫారం సంస్థ 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో రూపుదిద్దుకొన్నది. దానికి ప్రాణం పోసిన డాక్టర్ నారాయణ సుబ్బారావు హర్డీకర్‌ది హుబ్బళ్ళి. అంటే పుట్టుక తెలుగునేల మీద, కార్యస్థానం కన్నడనేల మీద. రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి విషయం మరొకటి ఉండదు. అదే సంవత్సరం నాగపూర్ జెండా సత్యాగ్రహంలో హర్డీకర్ బృందం జైలుకు వెళ్ళి, క్షమాపణ చెప్పడానికి నిరాకరించింది. క్రమశిక్షణ గల వాలంటీర్లు దేశమంతటా ఉండాలన్న ఆలోచనకు ఈ అనుభవం బలమిచ్చింది. 1924 బెళగావి కాంగ్రెస్‌కు మహిళా వాలంటీర్లను సమీకరించడంలో ఉమాబాయి కుందాపూర్ ముందు నిలిచారు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కాంగ్రెస్ సంస్థలతో పాటు సేవాదళాన్ని కూడా నిషేధించింది.

ఈ సంస్థ పుట్టుక గురించి జవాహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో (1936) కొంత రాశారు. అందులో మాకు విలువైనదిగా తోచింది ప్రశంస కాదు, తగాదా. కాంగ్రెస్ పెద్దలలోనే కొందరు దీనిని వ్యతిరేకించారని ఆయన చెబుతారు. కవాతు నేర్పితే కాంగ్రెస్‌లోకి సైనికత్వం చొరబడుతుందని కొందరి భయం. పైవారు చెప్పింది వింటే చాలు, అడుగులు కలిపి నడవవలసిన పని కూడా లేదని మరికొందరి అభిప్రాయం. అహింసకూ డ్రిల్లుకూ పొత్తు కుదరదన్న శంక ఇంకొందరిది. సాధారణంగా ఇటువంటి సంస్థల జ్ఞాపకాలలో మొదటినుంచీ అందరూ ఒకే మాట మీద ఉన్నట్టు కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ తగాదాలు రాలిపోయి ఐకమత్యమే మిగులుతుంది. అలా రాలిపోకుండా తగాదాను నిలబెట్టడం నెహ్రూ కథనంలోని గుణం. అయితే ఇది కూడా వేదిక మీదినుంచి చూసిన చూపే. అడుగులు కలపాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటుంటే, ఆ అడుగులు వేయవలసినవారు ఏమనుకున్నారో ఇందులో లేదు.

దానికి జవాబు అదే కాకినాడలో, అవే రోజుల్లో మరొక జ్ఞాపకంలో దొరుకుతుంది. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్టు లేదని నెహ్రూనే ఆపివేసిన సంగతి చాలామందికి తెలుసు. టికెట్టు కొన్న తరువాతనే ఆయనను లోపలికి వెళ్ళనిచ్చింది. నిర్వాహకులు మందలిస్తే, తనకు చెప్పిన పనే తాను చేశానన్నది. నెహ్రూ ఆమెను మెచ్చుకొన్నారు.

ఈ కథను తరగతిలో ఒక్క వాక్యంలో చెప్పమని మేము విద్యార్థులను అడిగి చూశాము. ఎక్కువమంది 'నెహ్రూ మెచ్చుకొన్న బాలిక దుర్గాబాయి' అన్నారు. కొద్దిమంది మాత్రమే 'నెహ్రూను ఆపిన బాలిక' అన్నారు. రెండూ వ్యాకరణరీత్యా నిర్దుష్టమైన వాక్యాలే. కానీ ధాతుజ విశేషణానికి కర్త ఎవరన్నది చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి దానిలో పని చేసినవాడు నెహ్రూ, బాలిక మెప్పు పొందిన కర్మ. రెండవ దానిలో పని చేసింది బాలిక. ఒకే సంఘటన, ఒకరి ఔదార్యానికి కథ కావచ్చు. మరొకరి కర్తవ్యానికి కథ కావచ్చు. వాలంటీర్ల జ్ఞాపకాలు మన చేతికి వచ్చేసరికి చాలాసార్లు మొదటి రూపంలోకి మారిపోయి ఉంటాయి. మెచ్చిన పెద్దమనిషి మిగులుతాడు, నిలబడిన మనిషి పక్కకు తప్పుకొంటాడు.

ఇంకొక మాట. పైవారు చెప్పింది వింటే చాలు అన్న పెద్దల వాదానికి ఈ బాలిక చర్యే సమాధానం. ఆమె విన్నది నియమాన్ని, మనిషిని కాదు. అందుకే పైవాడినే ఆపగలిగింది. యూనిఫారం అంటే విధేయత మాత్రమే అనుకొనేవారికి ఈ చిన్న ద్వారం దగ్గర పెద్ద పాఠం ఉంది.

సేవాదళానికి ముందే మనకు ఒక దండు ఉండేది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన 'రామదండు' చీరాల-పేరాల ఉద్యమానికి అండగా నిలిచింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో జనసందోహాన్ని అదుపులో ఉంచింది. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు, నుదుట కుంకుమ ఆ దండు వేషం. అదే సంవత్సరం నిషేధాజ్ఞను ధిక్కరించి బరంపురంలో మాట్లాడినందుకు దుగ్గిరాలకు శిక్షపడింది. తిరుచిరాపల్లి జైలులో అనుభవించారు. ఒడిశా, తమిళనాడు విద్యార్థులు ఈ రెండు ఊళ్ళ పేర్లనూ గుర్తుపెట్టుకోవాలి.

రామదండు గురించి రాసేవారు ఆ వేషాన్ని మురిపెంగా వర్ణిస్తారు. మురిపెం తప్పు కాదు. కానీ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ వేషం ఎవరెవరు వేసుకోగలరు? కాకినాడ మహాసభకు అధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ. ఆ సభలో ఏ మతస్థుడైనా వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకోవచ్చు; రుద్రాక్షమాల సంగతి అలా కాదు. దుగ్గిరాల దేశభక్తిని ఈ ప్రశ్న తగ్గించదు. దుస్తులు కూడా భాషే కనుక, ఆ భాష ఎవరిని పిలుస్తుందో, ఎవరిని పిలవదో చూడవలసి ఉంటుంది.

మాటలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెలుగులో దండు అంటే సైన్యం. కన్నడంలోనూ అంతే, పైగా బెంగళూరువారికి 'దండు' అనగానే గుర్తొచ్చేది బ్రిటిష్ సైన్యం విడిదిచేసిన కంటోన్మెంటు. పరాయి సైన్యం బసకు పేరైన మాటనే రాముడి పేరు చేర్చి గోపాలకృష్ణయ్య తన వాలంటీర్లకు పెట్టారు. 'దళం' మొదట ఆకు, పూరేకు. సేవతో చేరినప్పుడు అది మెత్తగానే ఉన్నది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం తరువాత అదే మాట తెలుగు చెవికి తుపాకీతో కలిసి వినిపించసాగింది. తమిళంలో వాలంటీరును 'తొండర్' అన్నారు. శివభక్తుల సేవాభావం ఆ మాటలో ఉన్నది. కనుక పాత వాలంటీరు తన జ్ఞాపకాలలో ఏ మాట వాడాడో గమనించాలి. తనను తాను సైనికుడనుకొన్నాడా, భక్తుడనుకొన్నాడా, లేక పని చేసే మనిషి అనుకొన్నాడా అన్నది ఆ మాటే చెబుతుంది.

ఇటువంటి జ్ఞాపకాలలో ప్రధానమైన లోపం, 'ఆ రోజులే వేరు' అనే పల్లవి. వయసు పైబడినకొద్దీ నాటి సహచరులందరూ క్రమశిక్షణకు మారుపేరైపోతారు. ఆకలి, అలక, భయం, ఇంటికి చెప్పకుండా వచ్చిన అపరాధభావం, ఇవన్నీ అంతర్ధానమవుతాయి. అవి ఉన్న జ్ఞాపకమే మంచి జ్ఞాపకం. టోపీ వదులైందన్న మాట, వేళకు అన్నం అందలేదన్న మాట, కవాతులో ఎడమకాలు ముందు పడలేదన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఆగి చదవండి. మెప్పు కోసం ఎవరూ అటువంటివి కల్పించరు.

ఆనాటి వాలంటీర్లు ఇప్పుడు మనకు దొరకరు. వారి పిల్లలు, మనుమలు ఉన్నారు. మీ ఇళ్ళలోనే ఒక పాత ఫొటో, ఒక బ్యాడ్జీ, ఒక కథ ఉండవచ్చు. ఆ కథను అడిగినప్పుడు, తాతగారు ఏ నాయకుణ్ణి చూశారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ రోజు ఆయన ఎక్కడ నిలబడ్డారు, ఏం పని చేశారు, ఎవరిని ఆపారు అని అడగండి. చెప్పింది చెప్పిన యాసలోనే రాసుకోండి. అందులో కన్నడమో తమిళమో ఒడియానో కలిసినా దిద్దకండి. అలా రాసుకొన్న వాక్యంలో కర్తగా నిలిచేది ఆ వాలంటీరే అయితే, మీరు సరిగానే విన్నారని మేము భావిస్తాము.