‘నాకెరికే’ అనే మీట

కథనీ కవితనీ విమర్శించే అలవాటున్న మనం మొబైల్ యాప్‌ని ఎందుకు విమర్శకి తీసుకోకూడదు? అదీ ఎవరో రాసిందే. అందులోనూ చెప్పినవి ఉన్నాయి, చెప్పకుండా వదిలేసినవి ఉన్నాయి, రాసినవాళ్ళు మనసులో ఊహించుకున్న ఒక పాఠకుడున్నాడు. ఉద్దానంలో ఇవాళ ఆడవాళ్ళు ఏ పుస్తకాన్నీ చదవనంత శ్రద్ధగా, భయంగా, రోజూ చదువుతున్న పాఠం అదే. టెక్కలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను వజ్రపుకొత్తూరు, మందస వైపు వెళ్ళినప్పుడల్లా అంగన్‌వాడీ కేంద్రాల్లో కాసేపు కూర్చుని దాన్ని చదవడానికి ప్రయత్నిస్తున్నాను.

దాని పేరు పోషణ్ ట్రాకర్. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చింది. గర్భిణుల, బాలింతల, పిల్లల వివరాలు, బరువులు, హాజరు అన్నీ అందులోకి ఎక్కించాలి. తెలుగులోనూ ఉంది. 2025 జులై 1 నుంచి, ఇంటికిచ్చే పోషకాహారం కోసం వచ్చిన తల్లి ముఖాన్ని ఫొటో తీసి, ఆధార్‌తో సరిచూసి నమోదు చేసుకున్న ముఖంతో కలిస్తేనే ఇచ్చినట్టు లెక్క అన్నారు.

డిజైన్ చదువుకున్నవాళ్ళని అడిగితే ‘యూజర్’ని మధ్యలో పెట్టుకుని ఆలోచించాలంటారు. ఈ మాటకి ప్రచారం తెచ్చినవాడు డొనాల్డ్ నార్మన్. 1986లో మరొకరితో కలిసి ఆ పేరుతోనే ఒక పుస్తకానికి సంపాదకుడిగా ఉన్నాడు. 1988లో రోజువారీ వస్తువుల మీద రాసిన పుస్తకంలో మనకి పనికొచ్చే మాట ఒకటన్నాడు: తలుపు నెట్టాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే తప్పు మనిషిది కాదు, తలుపుది. మన ఆఫీసుల్లో ఇది పూర్తిగా తిరగబడింది. యాప్ ఆగిపోతే ‘ఆవిడకి వాడటం రాదు’ అంటారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని సాకిన మనిషిని, నిన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు మీటింగులో నలుగురి ముందు నిలబెట్టి అనే మాట అది.

ఒక కేంద్రంలో నేను చూసింది చెప్తాను. ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి బల్ల మీద కూర్చుంది. టీచర్ ఫోన్ ఎత్తి పట్టుకుంది. “ఒలమ్మా, కళ్ళార్పు. మళ్ళీ ఆర్పు. ఇటు ఎలుతుర్లోకి రా.” తీసుకోలేదు. ఆయా ఒక తువ్వాలు పట్టుకుని కిటికీకి అడ్డంగా నిలబడింది. అప్పుడూ తీసుకోలేదు. ఆధార్ ఫొటో ఆ పిల్ల స్కూల్లో ఉన్నప్పటిదట. ఇప్పుడు ముఖం నిండుగా ఉంది, నీరు పట్టింది. టీచర్ విసుగ్గా నా వైపు తిరిగి అంది: “ఈ గుంటకి ఇక్కడే, నా చేత్తోనే అన్నం తినిపించాను మేడమ్. దీని పెళ్ళికి భోజనాలు వడ్డించాను. నాకెరికే గదా ఇదెవులో! ఈ ఫోనుకి ఎరిక లేదట!”

ఎరిక. తెలిసి ఉండటం. ఆ యాప్ అంతా వెదికినా ‘నాకెరికే’ అనే మీట లేదు. ఏ స్క్రీన్ మీదా, ఏ మూలా లేదు. ఇది మరచిపోవడం వల్ల జరిగిన లోపం కాదని నా అభిప్రాయం. ఊళ్ళో ఎవరికి ఎన్నో నెలో, ఎవరి మొగుడు ఎక్కడ పనికి వెళ్ళాడో, ఏ ఇంట్లో ఎవరు మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారో తెలిసిన మనిషి చేతికే ఫోన్ ఇచ్చి, ఆమె తెలివిడి ఒక్కటీ లోపలికి రాకుండా తలుపులన్నీ మూశారు. ఆమె సాక్ష్యం చెల్లదు. ఆమె పట్టుకున్న కెమెరా సాక్ష్యం చెల్లుతుంది.

యాప్‌ల వాడకం గురించి జాకబ్ నీల్సన్ 1994లో స్థిరపరిచిన పది సూత్రాల్ని ఇప్పటికీ కాలేజీల్లో చెప్తారు. మొదటిది, లోపల ఏం జరుగుతోందో యంత్రం మనిషికి ఎప్పటికప్పుడు చూపించాలి. పోషణ్ ట్రాకర్‌లో చూపు పైకే పోతుంది. ఈ కేంద్రం ఇవాళ తెరిచారా లేదా అన్నది ఢిల్లీలో డాష్‌బోర్డు మీద కనిపిస్తుంది. ఈ ముఖాన్ని ఎందుకు కాదన్నదో మాత్రం బల్ల మీద కూర్చున్న పిల్లకీ, ఎదురుగా ఉన్న టీచర్‌కీ కనిపించదు. అంటే సూత్రం అమలవుతూనే ఉంది. యూజర్ ఎవరన్నదే తేడా. చూసేవాడు యూజర్, వాడే ఆమె పనిముట్టు. ఇది అర్థమయ్యాక ‘యాప్ యూజర్ ఫ్రెండ్లీయేనా’ అన్న ప్రశ్న నాకు అమాయకంగా కనిపిస్తోంది. ఎవరికి ఫ్రెండ్లీ అని కదా అడగాలి!

ఓటీపీ సంగతి ఇంకా విడ్డూరం. తల్లి పేరు నమోదు చేస్తే ఓటీపీ ఒక ఫోన్ నంబరుకి వెళ్తుంది. ఆ ఫోన్ చాలా ఇళ్ళలో మగవాడిది. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకి వెళ్తారన్నది అందరికీ తెలిసిందే. భార్య ఇక్కడ పాలపొడి కోసం నిలబడి ఉంటుంది, ఆమె ఆమెనే అని రుజువు చేసే అంకెలు అరేబియా సముద్రంలో సిగ్నల్ లేని పడవలో ఉంటాయి. ఆడదాని గుర్తింపు మగవాడి జేబులో ఉండటం మనకి కొత్తేం కాదు. కానీ దాన్ని సాఫ్ట్‌వేర్‌గా రాసినప్పుడు ‘భద్రత’ అని పేరు పెట్టారు.

పాత రిజిస్టర్ల మీద నాకు మమకారం లేదు. పదకొండు రిజిస్టర్లు రాసి రాసి టీచర్ల వేళ్ళు కాయలు కాసేవి. దొంగ హాజర్లూ, పక్కదారి పట్టిన గుడ్లూ లేవని నేననను. అయితే రిజిస్టర్‌కి ఒక మార్జిన్ ఉండేది. సాహిత్య విద్యార్థులకి మార్జిన్ విలువ చెప్పనక్కర్లేదు. ఒక పాత రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో గీసిన గీత పక్కన చూశాను: ‘పుట్టింటికి వెళ్ళినది, పండగ తరువాత వచ్చును’. ఇంకోచోట, ‘అత్త రానివ్వుట లేదు’. యాప్‌లో వలసకి ఒక గడి ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్ళడం వలస కాదు కదా. అత్త రానివ్వకపోవడానికైతే ఏ గడీ లేదు. ఒక స్త్రీవాద పరిశోధకురాలు రేపు ఈ ఊరి చరిత్ర రాయాలంటే ఆ ఎర్ర సిరా వాక్యం కావాలి.

ఇదంతా ముఖాలతో మొదలైంది కాదు. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలనే చూడండి. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, గుండు, బద్ద, ముక్క అని ఏరడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. పిక్క తొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడి, పొరలు లేచి, గీతలు చెరిగిపోతాయి. 2015లో మన రాష్ట్రంలో చౌక దుకాణాలకి వేలిముద్రల యంత్రాలు వచ్చాయి. జీవితమంతా ఆ వేళ్ళతో పని చేసిన మనిషికి, యంత్రం దృష్టిలో వేళ్ళే లేవు. తర్వాత కంటిపాప చూసే యంత్రాల వంటి ప్రత్యామ్నాయాలు వచ్చాయి, నిజమే. కానీ డిజైన్ చేసినవాళ్ళ ఊహలో మొదట ఉన్నది పని చేయని వేలు. శ్రమ చేసే చెయ్యి వాళ్ళకి ఆ తర్వాత కనిపించిన ‘మినహాయింపు’.

ముఖాల సంగతీ అంతే. జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు 2018లో మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పమంటే తెల్ల మగవాళ్ళ విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లని ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా వెళ్ళాయి. మన యాప్ చేసే పని అదే కాదు, పాత ఫొటోతో కొత్త ముఖాన్ని పోల్చడం వేరు. కానీ ఎవరి ముఖం మామూలు ముఖం అన్న ప్రశ్న ఒకటే. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ముఖం ఉబ్బే మనుషులున్నారు. వాళ్ళ ముఖం నెలనెలకీ మారుతుంది. జబ్బుకి అసలు కారణమే ఇంకా తేలలేదు.

ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన హాజరు యాప్‌ది మరో తరహా. రోజుకి రెండు ఫొటోలు, మధ్యలో గంటల ఎడం. కూలి మాత్రం తవ్విన మట్టి కొలతని బట్టి! ఎండ ముదరకముందే కొలత పూర్తి చేసి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే ఆడదాని రోజు ఆ యాప్ రాసినవాళ్ళకి తెలియదు. పని అయిపోయినా ఫొటో కోసం ఉండాలి, లేదా మళ్ళీ రావాలి. ఫొటోని ఫొటో తీసి పంపుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో చెప్పుకుంది. మోసాన్ని ఆపడానికి పెట్టిన కెమెరా మోసాన్ని ఆపలేదు, ఆడవాళ్ళ మధ్యాహ్నాల్ని మాత్రం తినేసింది. ఆ ఏడాది డిసెంబరులో చట్టమే మారిపోయింది.

డిజైన్ రంగంలో స్త్రీవాదులు లేరనుకోకండి. లూసీ సచ్‌మన్ 1987లోనే, జిరాక్స్ యంత్రం ముందు తికమకపడే మనుషుల్ని గమనించి, కాగితం మీది ప్రణాళిక వేరు, సందర్భంలో జరిగే పని వేరు అని రాసింది. షావెన్ బార్డ్‌జెల్ 2010లో ఈ రంగానికి స్త్రీవాద దృష్టి ఎందుకు కావాలో వాదించింది. ఇవి మన విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ భవనాల నుంచి మన విభాగాల దాకా ఎందుకు రాలేదో! మనమూ అటు వెళ్ళలేదనుకోండి.

కానీ అసలు విమర్శకులు ఇక్కడున్నారు. 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లని మూటగట్టి తిరిగిచ్చేశారు. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. అప్పటికి కార్యకర్త జీతం 11,500 రూపాయలు. జీతం, గ్రాట్యుటీ అడిగిన ఆ డిమాండ్లలోనే యాప్‌ల భారం తగ్గించమన్నదీ ఉంది. పత్రికలు దాన్ని ఆఖరి పేరాలో వేశాయి. నా దృష్టిలో అది తెలుగులో వచ్చిన తొలి యూజబిలిటీ నివేదిక. కంపెనీలైతే ఇలాంటి దాని కోసం డబ్బిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టుకుంటాయి.

ఇంకో పాఠం కూడా ఉంది, ఎవరూ సేకరించనిది. టీచర్లు ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకునే గొంతు సందేశాలు. ఒకావిడ నాకు వినిపించింది: “ముక్కుపుడక మెరిస్తే తీసుకోదు, కాస్త పక్కకి తిరగమను. ఆరు బయటికి తీసుకురా. పదకొండు దాటితే సర్వరు మొరాయిస్తాది, పొద్దున్నే కానిచ్చీ.” ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇవ్వని వాడుక పుస్తకం అది, మన ఉత్తరాంధ్ర యాసలో, ఆడవాళ్ళ గొంతుల్లో ఉంది. ఫోన్ నిండిపోగానే చెరిపేస్తున్నారు, యాప్‌కి చోటు చాలదని. వాళ్ళ అనుమతితో కొన్నింటిని నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే టీచర్లవి నాకు సగమే అర్థమవుతున్నాయి. ఆ భాష వచ్చినవాళ్ళెవరైనా తోడొస్తే బాగుండును.