వెనక్కి వెళ్లిన నోటుకే వెల

లండన్ వేలంలో మన వంద రూపాయల నోటొకటి 56 లక్షలు దాటి పలికిందని 2024లో పేపర్లలో వచ్చింది, చూసే ఉంటారు. ఆ వార్త వాట్సాప్ ఎక్కిన దగ్గర్నుంచీ మా తాడేపల్లిలో బీరువాల అడుగు అరలన్నీ ఖాళీ అవుతున్నాయి. అరబ్ దేశాల పాత నోట్లు పోగేసే పిచ్చి నాకుందని తెలిసినవాళ్లు కవర్లలో, పాత డైరీల్లో పెట్టుకుని మరీ తెస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతొస్తుందండీ?"

నోటు వయసును బట్టి ఆ లెక్క తేలదు. దాని మీద అచ్చేసిన అంకెను బట్టి అసలే తేలదు. జనం దాన్ని బ్యాంకుకి వెనక్కి ఇచ్చేశారా, చేతిలోనే మిగుల్చుకున్నారా అన్నది చూడాలి. ఇచ్చేసిన నోటుకే ధర. ఇన్నాళ్లూ ఈ నోట్లు తిరగేసి నేను పట్టుకున్న కిటుకు ఇదొక్కటే.

లండన్‌లో పలికింది మామూలు వంద కాదు, హజ్ నోటు. దాని సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, మస్కట్‌లలో ఒకప్పుడు చెల్లింది మన రూపాయే. బెజవాడలో బియ్యం కొన్న నోటుతోనే దుబాయ్ బజార్లో ఖర్జూరం కొనొచ్చు. బంగారం దగ్గర వచ్చింది పేచీ. ఇక్కడి రూపాయలు చాటుగా గల్ఫ్ చేరేవి, వాటితో కొన్న బంగారం చాటుగా మన రేవుల్లో దిగేది. అక్కడ పోగుపడిన రూపాయలు తిరిగొస్తే రిజర్వు బ్యాంకు బదులుగా పౌండ్లు కట్టాలి. మారకద్రవ్యం ఇలా కారిపోతుంటే చూడలేక 1959లో చట్టం సవరించి గల్ఫ్‌కు వేరే నోట్లు అచ్చేశారు. బొమ్మలు మన నోట్లవే, రంగు వేరు, నంబరు ముందు 'జడ్' అక్షరం. ఇండియాలో అవి చెల్లవు. ఆ రోజుల్లోనే మక్కా వెళ్లే యాత్రికుల కోసం పదికి, వందకి విడిగా హజ్ నోట్లు వేశారు. వాటి నంబరు 'హెచ్ఏ'తో మొదలవుతుంది.

గల్ఫ్ పది ఎర్రగా ఉంటుంది. ఒక మిత్రుడి ఆల్బమ్‌లో ఉన్నదాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ముందు వైపు అశోక స్తంభం, వెనక తెరచాప ఎత్తిన పడవ. అదే వెనక వైపు భాషల వరసలో తెలుగక్షరాలు. షార్జాలో చేపలమ్మేవాడి గల్లాపెట్టెలో, ఖతార్‌లో ముత్యాల వర్తకుడి మూటలో మన గుండ్రటి అక్షరాలు తిరిగాయన్నమాట. వాళ్లలో ఎవరికీ అవి చదవడం రాకపోయి ఉండొచ్చు గాక! శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద ముద్రించిన తీరం మనది. డబ్బు మీద పడవ మనకేం కొత్త కాదు.

1961 ఏప్రిల్ 1న కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. అప్పట్లో ఒక దినారుకు 13 రూపాయల పైచిలుకు. 1965లో బహ్రెయిన్ అదే దారి పట్టింది. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసరికి ఖతార్, దుబాయ్‌లు కూడా దణ్ణం పెట్టేశాయి. ఒమన్ 1970 దాకా లాక్కొచ్చింది. మార్పు జరిగిన ప్రతిచోటా జనం పాత నోట్లు ఇచ్చి కొత్తవి పుచ్చుకున్నారు. మారకం దొరుకుతుంటే బుద్ధున్నవాడెవడైనా నోటు దాచుకుంటాడా? హజ్ నోట్లదీ అదే దారి. యాత్రికుడు అక్కడ ఖర్చు పెట్టుకుంటే అవి బ్యాంకుల ద్వారా బొంబాయి చేరేవి. అందుకే చేతివేళ్ల సందుల్లోంచి జారి ఎక్కడో మిగిలిన నాలుగైదు ఈనాడు లక్షలు పలుకుతున్నాయి.

అదే పాకిస్తాన్ హజ్ నోటు సంగతి చూడండి. దాని మీద సౌదీలో మాత్రమే చెల్లుతుందని అచ్చేసి ఉంటుంది. 1970ల నాటివి ఇప్పటికీ నలగకుండా కొత్తవి కొత్తవిగా దొరుకుతాయి, అదీ వందల్లోనే. పేరు ఒకటే కదా అని లక్షలు ఊహించుకుని వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పడం కొంచెం కష్టం.

ఈ మధ్య రాజంపేట నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న ఒకావిడ పావు దినారు నోటు తెచ్చింది. ఏళ్లతరబడి కువైట్‌లో వంటపని చేసిన మనిషి, అరబ్బీ అంకెలు గడగడా చదివేస్తుంది. "అన్నా, 1968 అని రాసుండాది సూడు. నేను పుట్టకముందుది, పాతది గదా?" అంది. చదవడంలో తప్పేం లేదు. కాకపోతే అది నోటు అచ్చయిన సంవత్సరం కాదు, కువైట్ కేంద్ర బ్యాంకు చట్టం పుట్టిన సంవత్సరం. 1990ల్లో వచ్చిన నోట్ల మీద కూడా అదే ఉంటుంది. సౌదీ నోట్లతో ఇంకో తలనొప్పి. 1961లో వచ్చిన నోటు మీదా 1379 హిజ్రీ నాటి చట్టమే, 1968లో వచ్చిన నోటు మీదా అదే. ఏది ముందో, ఏది వెనకో తేదీ చెప్పదు, బొమ్మా సంతకమే చెప్పాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంకొక్క మాట. అరబ్బీ ఐదు మన సున్నాలా ఉంటుంది, అరబ్బీ సున్నా ఒట్టి చుక్క. 50 దినార్లను చుక్కున్న సున్నా అనుకుని పక్కన పడేసిన పెద్దమనుషులు ఉన్నారు.

కువైట్ నోట్లలోనే నా కిటుకుకు గట్టి సాక్ష్యం ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ నుంచి సద్దాం సేనలు చొరబడి అక్కడి కేంద్ర బ్యాంకు నోట్ల నిల్వలు ఎత్తుకుపోయాయి. మనవాళ్లు లక్షా 70 వేల మంది దాకా కట్టుబట్టలతో విమానాలెక్కి తిరిగొచ్చిన రోజులవి. వాళ్లలో మన తెలుగువాళ్లు కూడా తక్కువేం కాదు. దేశం విముక్తమయ్యాక 1991 మార్చిలో రంగులు మార్చి కొత్త నోట్లు దించారు. దొంగిలించిన వరసల నోట్లు చెల్లవని ప్రకటించారు. ఫలితం ఏమిటంటే, ఏ బ్యాంకూ ముట్టని ఆ నోట్లు మడత కూడా నలగకుండా ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఆ వరసలేవో కేటలాగుల్లో విడిగా రాసి ఉంటాయి, అవి చూడకుండా కొనకండి. అదే కాలపు నోటు, అదే బొమ్మ, ఇంకా తళతళలాడుతోంది కూడా, అయినా చవక!

ఇరాక్‌ది మాత్రం ఏ లెక్కకూ లొంగని కథ. 1993లో అక్కడి ప్రభుత్వం సరిహద్దులు మూసేసి, పాత 25 దినార్ల నోటు మార్చుకోవడానికి ఆరు రోజులే గడువిచ్చింది. ఉత్తరాన కుర్దులు ఒప్పుకోలేదు, పాత నోట్లే వాడుకున్నారు. ఇటు సద్దాం బొమ్మతో నోట్లు ఎడాపెడా అచ్చవుతుంటే, అటు పాతవి కొత్తగా అచ్చేసే దిక్కులేదు. చివరికి 2003లో కొత్త దినారు వచ్చినప్పుడు సద్దాం నోటుకు ఒకటికి ఒకటి ఇచ్చారు. కుర్దుల దగ్గరి పాత దినారుకు 150 ఇచ్చారు. వెనక ప్రభుత్వమే లేని నోటు అంతగా గెలిచిన ఉదంతం నాకింకోటి తెలీదు.

ఇక నోటు చేతికొచ్చాక ధర కట్టడం గుంటూరు యార్డులో మిర్చి చూసినట్టే. తేజా అని పేరు చెబితే సరిపోదు. రంగు చూడాలి, తేమ చూడాలి, తాలు ఎంతో చూడాలి. నీళ్లు చల్లి తెచ్చిన కాయను అనుభవమున్న చెయ్యి ఇట్టే పడుతుంది. నోటుకు ఇస్త్రీ చేసి మడత మాయం చేద్దామనుకునేవాళ్లూ అలాగే దొరికిపోతారు. దీపానికి ఎదురుగా పెడితే మడత దగ్గర కాగితం నారలు తెగి సన్నటి గీతలా వెలుగు కనిపిస్తుంది. ఇస్త్రీ చేసిన నోట్లో అచ్చు కాస్త అణిగిపోయి వేలికి తగలదు. నడిమధ్య ఒక మడత పడితేనే ధర గణనీయంగా పడిపోతుంది. మన నోట్లకైతే పిన్ను రంధ్రాలు మామూలే, బ్యాంకులే కట్టలకు పిన్నులు కొట్టేవి. 2001 తర్వాతే రిజర్వు బ్యాంకు ఆ అలవాటు మాన్పించింది. గల్ఫ్ రూపాయికి రంధ్రం ఉందని మరీ మొహం చిట్లించకండి.

మనవాళ్లు చేసే పనులు రెండు నాకు గుండెకోత. మొదటిది లామినేషన్. జిరాక్స్ షాపులో ఇరవై రూపాయలిచ్చి వేల విలువను వేడి ప్లాస్టిక్‌లో సమాధి చేస్తారు, ఇక దాన్ని విడదీసే దారే లేదు. రెండోది దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ అద్దడం. మొదటి జీతపు రియాలుకు బొట్టు పెట్టిన తల్లిని నేనేమనగలను? అలాంటి నోటు అమ్మకానికి పనికిరాదు, అమ్మకూడదు కూడా. మిగతావాటిని కృష్ణ ఒడ్డు చెమ్మకు వదిలేయకుండా, మెత్తటి పీవీసీ కవర్లు కాకుండా పాలియెస్టర్ కవర్లలో ఎండ తగలని చోట పెట్టండి. కలరా ఉండలు పక్కన వేయకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్న చెబుతున్నాను. పాత నోటుకు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, పన్ను కట్టండి అని ఫోన్లు వస్తున్నాయి. కొందరైతే రిజర్వు బ్యాంకు పేరే వాడుకుంటున్నారు. ఇలాంటి లావాదేవీలతో తనకు ఏ సంబంధమూ లేదని, ఏ ఫీజూ వసూలు చేయదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. నోటు కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఎదురు అడిగితే ఫోన్ పెట్టేయండి.