మంచాన పడకముందే

తెలుగు కుటుంబాల్లో పెద్దవారికి ఇంటి దగ్గర ఒక మనిషిని పెట్టాలన్న ఆలోచన సాధారణంగా రెండే సందర్భాల్లో వస్తుంది: స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, లేదా పక్షవాతం వంటి జబ్బుతో మంచాన పడినప్పుడు. అంతకు ముందు ఏడాది రెండేళ్లుగా ఆ పెద్దవారిలో వస్తున్న మార్పులు ఇంటివారి కంట పడకపోలేదు గాని, వాటిని వయసు ఖాతాలో వేసి ఊరుకోవడం జరిగింది. నడక నెమ్మదించడం, పేర్లు వెంటనే నోటికి రాకపోవడం వయసుతో వచ్చేవే. అయితే నిన్నమొన్నటిదాకా తనంతట తాను చేసుకున్న పనిని మనిషి మానేయడం వేరు. ఆ తేడాను పట్టుకోవడంలో వైద్యుడికంటే ఇంటివారే మెరుగు, ఎందుకంటే వైద్యుడు చూసేది ఉతికిన బట్టలు కట్టుకుని, ఓపిక కూడదీసుకుని వచ్చి, పది నిమిషాలు కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రమే.

ఈ పరిశీలనకు ఒక పద్ధతిని ఏర్పరచినవారిలో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ ముఖ్యుడు. ఆయన, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన సూచికలో స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం అనే ఆరు పనులు ఉన్నాయి. ఒంటిని కనిపెట్టుకోవడానికి రోజూ తప్పనివి గనుక వీటిని దైనందిన కృత్యాలు అనవచ్చు. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు వీటికి పైమెట్టున ఉండే పనులను జాబితా చేశారు: ఫోను వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. ఇవి ఒక మనిషి ఒంటరిగా సంసారం నెట్టుకురావడానికి కావలసినవి, సాధారణంగా ముందు జారిపోయేవీ ఇవే. ఆ తర్వాత స్నానం దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. తన చేత్తో తాను తినగలగడం అన్నిటికంటే చివరన పోతుంది. పసివారు ఈ పనులను నేర్చుకునే వరుసకు ఇది తలకిందుల వరుస అని కాట్జ్ గమనించాడు. కాబట్టి ‘అన్నం తానే కలుపుకుని తింటున్నారు కదా’ అన్న ధీమాకు విలువ లేదు.

మన ఇళ్లలో ఈ మార్పులు కనిపించే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిలో మందుల డబ్బా అన్నిటికంటే నమ్మదగినది. రోజుకొకటి చొప్పున వేసుకోవలసిన రక్తపోటు మాత్రలు నెల మొదట ముప్ఫై కొని ఉంటే, 20వ తేదీ రాత్రికి పది మిగలాలి. పదిహేను మిగిలితే ఐదు రోజులు మరిచిపోయినట్టు. మూడే మిగిలితే వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకున్నట్టు, ఇది మొదటిదానికంటే ప్రమాదం. గ్లిమెపిరైడ్ వంటి చక్కెర మాత్ర వేసుకుని అన్నం తినడం మరిచినా, మాత్ర రెండుసార్లు పడినా, రక్తంలో చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. వంటగదిలోనూ ఇంతే సమాచారం దొరుకుతుంది. కూర, పప్పు, చారు లేనిదే విస్తరి ముందు కూర్చోని ఇంట్లో వారాల తరబడి ఆవకాయ మెతుకులతోనో మజ్జిగన్నంతోనో రెండు పూటలూ గడిచిపోతున్నాయంటే, ‘ఒక్కదానికి ఏం వండుకుంటాను’ అన్న జవాబు నిజమే కావచ్చు, పొయ్యి ముందు నిలబడలేకపోవడమూ కావచ్చు, వంటలో ఏది తర్వాత ఏది వేయాలో తోచకపోవడమూ కావచ్చు. గిన్నెల అడుగు మాడిన మచ్చలు, ఒకే సరుకు నాలుగు పొట్లాలు ఉండటం, బూజు పట్టిన పెరుగు ఆ మూడు కారణాలలో ఏదో తేల్చడానికి పనికొస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు, ప్రయత్నించకుండానే ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గడం వైద్యులు తీవ్రంగా పరిగణించే సూచన. దాన్ని తూకం కంటే ముందు వదులైన జాకెట్టు చెబుతుంది.

బట్టల సంగతి కొంత సున్నితమైనది. పెద్దావిడ చీర మాని నైటీకి మారడంలో తప్పేమీ లేదు, హాయి కోసమే మారి ఉండవచ్చు. కుచ్చిళ్లు పెట్టుకునేంతసేపు నిలబడలేక, జాకెట్టు హుక్కులు వేళ్లకు అందక మారిందా అన్నదే చూడవలసింది. స్నానం వాయిదా పడుతుంటే బద్ధకమని, చలి అని అనుకోవడం పరిపాటి. చాలాసార్లు కారణం భయం. తడినేల మీద తక్కువ ఎత్తు పీట మీంచి లేవలేనన్న భయం నోరు విడిచి చెప్పుకునేది కాదు. అలాంటి చోట మనిషిని పెట్టకముందే గోడకు పట్టుకునే కడ్డీ, ఎత్తయిన స్టూలూ, జారని పట్టా అమర్చి చూడాలి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లో అంతకంటే ఎక్కువో పడితే పడిపోయే అవకాశం ఉన్నట్టు లెక్క.

దంపతులిద్దరూ ఉన్న ఇంట్లో ఈ సూచనలు ఆలస్యంగా బయటపడతాయి. భర్తకు మాత్రలు చేతికిచ్చేది, బ్యాంకు సంతకం ఎక్కడ పెట్టాలో చూపేది, ఫోనులో పిల్లలు అడిగినదానికి పక్కనుంచి జవాబు అందించేది భార్యే అయినప్పుడు, ఆయన పరాకు ఎంత దూరం వెళ్లిందో ఆమె కూతురి పురిటికి వెళ్లినప్పుడో, ఆసుపత్రిలో చేరినప్పుడో గాని తెలియదు. వీడియో కాల్ ఈ విషయంలో మరీ మోసగిస్తుంది, ముఖం తప్ప ఇల్లు కనిపించదు గనుక. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకంటే పనిమనిషి, పాలు పోసే మనిషి, మందుల దుకాణం కుర్రవాడు ముందే గ్రహిస్తారు; వారిని ఎవరూ అడగరు.

ఒక హెచ్చరిక అవసరం. పైన చెప్పినవన్నీ నెలల మీద వచ్చే మార్పులు. గంటల్లో, రెండు మూడు రోజుల్లో మనిషి తికమకపడి, సంధి మాటలు మాట్లాడితే అది ఇంటి సంరక్షణ విషయం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో కారణం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రభుత్వాల చూపు కూడా ఇంకా మంచం దగ్గరే ఉంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా 2024లో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ప్రకటించారు; అది ఆసుపత్రిలో చేరినవారికి, ఇంటి దగ్గర కనిపెట్టుకునే మనిషి జీతానికి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి. మధ్యలోని ఏళ్ల భారం కుటుంబానిదే. ఆ భారాన్ని ఉదయం రెండు గంటల సాయంతో, స్నానానికీ మాత్రలకూ మాత్రమే ఒక మనిషితో మొదలుపెట్టవచ్చు. ఆ మనిషి ఎవరై ఉండాలో, ఏ వేళకు రావాలో చెప్పే హక్కు ఆ పెద్దవారిదే. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూట ఇంట్లో కూర్చుని మాత్రలు లెక్కపెట్టి, ఈ మాట అడిగి రావాలి. ఎవరిని సంప్రదించాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వ వృద్ధుల సహాయ కేంద్రం 14567 నంబరులో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా పలుకుతుంది.